తెలుగు పదాన్ని గళ్ళలోకి విడగొట్టడం ఎలా? (పైథాన్, పదకేళి)

గళ్ళపిచ్చి:
అందరికీ నమస్తే. కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు ఉగాదికి ఒక సంచిక వేస్తారు. ఈసారి పదకేళి పేజీ నా నెత్తిన పడింది. అడ్డం, నిలువు చేత్తో అల్లే ఓపిక లేక పైథాన్‌లో రాస్తున్నాను. ఆధారాల్లో "అటునుంచి" అని ఇస్తుంటాం కదా, అందుకని పదాన్ని తిరగేసే ఫంక్షన్ కూడా పెట్టాను. కడపని తిప్పితే పడక వచ్చింది, భలే అనుకున్నా. వికటకవిని తిప్పితే మాత్రం ముందు చుక్కల గుండ్రం మీద ఒక గుడి, దాని వెనక "వకటకివ" అని వచ్చింది. ఎటు చదివినా ఒకేలా ఉండాల్సిన మాట! పొడవు చెప్పే లెన్‌ని అడిగితే ఏడు అంటోంది, నాకు కావాల్సింది అయిదు గళ్ళు. "స్త్రీ"కి అయితే ఏకంగా ఆరు. రెజెక్స్ మాడ్యూల్‌లో బ్యాక్‌స్లాష్ పెద్ద ఎక్స్ (కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరాన్ని మొత్తంగా పట్టే గుర్తు) వాడి చూశాను. వికటకవి బాగైంది, స్త్రీ మూడు ముక్కలైంది. ఏం చేయాలి?

పాత డీటీపీ:
కడపలో గుణింతాలూ ఒత్తులూ లేవు కాబట్టి మీకు కలిసొచ్చిందండీ. యూనికోడ్ అంటే ప్రతి గుర్తుకీ ఒక నంబరు ఇచ్చే పద్ధతి, అందులో తెలుగుకి 3072 నుంచి 3199 దాకా 128 స్థానాలు ఉన్నాయి. వ ఒకటి, గుడి ఇంకొకటి, పొల్లు మరొకటి. పేజ్‌మేకర్ రోజుల్లో మేం ఒత్తుని విడిగా కొట్టేవాళ్ళం, ఇప్పుడు దానికంటూ ఒక నంబరు లేదు. పొల్లు తర్వాత హల్లు వస్తే ఫాంటే ఒత్తుగా గీస్తుంది. స్త్రీ అంటే స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పైథాన్ చెప్పిన ఆరు సరైన లెక్కే, అది మన అక్షరాల లెక్క కాదంతే.

మీ రెజెక్స్ పాతదై ఉంటుంది. తెలుగు సంయుక్తాక్షరాన్ని పొల్లు దగ్గర తెంచకూడదన్న నియమం యూనికోడ్‌లోకి 15.1 వెర్షన్‌తో, 2023లో వచ్చింది. కానీ ఇంత చిన్న పనికి లైబ్రరీ ఎందుకు? పది లైన్లలో మీరే రాసుకోండి. అచ్చు (3077 నుంచి 3092) వస్తే కొత్త గడి. హల్లు (3093 నుంచి 3129) వస్తే, దాని ముందున్నది పొల్లు (3149) కాకపోతేనే కొత్త గడి. మిగతావన్నీ, అంటే గుణింతం, సున్న, విసర్గ, పాత గడికే అతుక్కుంటాయి. ౠ మాత్రం ఎక్కడో 3168లో కూర్చుంది, మీ సంచికలో దాన్ని ఎవరూ వాడరు లెండి. ఇలా వచ్చిన జాబితాని తిరగేయండి, స్ట్రింగ్‌ని కాదు.

అసలు తలనొప్పి ఇది కాదు. మీ పదాల జాబితా ఎక్కడి నుంచి వచ్చింది? పాత ఫాంట్ల నుంచి మార్చిన ఫైలైతే ముందు దాన్ని కడగాలి.

గళ్ళపిచ్చి:
పాత సంచికల ఫైళ్ళ నుంచేనండీ, ఎవరో యూనికోడ్‌లోకి మార్చి ఇచ్చారు. మీ నియమం పనిచేసింది, థాంక్యూ! కానీ "పండుగ"కి, "పందిరి"కి మొదటి గడి కలవాలి కదా, కలవట్లేదు. రెంటిలోనూ "పం"యే కనిపిస్తోంది.

పాత డీటీపీ:
అదే నేనన్నది. ఒక దాంట్లో సున్న బదులు తెలుగు అంకె సున్నా పడి ఉంటుంది. సున్న 3074, అంకె 3174. చాలా ఫాంట్లలో కంటికి తేడా తెలీదు. టైపు చేసేవాళ్ళూ, స్కాన్ నుంచి తీసే సాఫ్ట్‌వేర్లూ రెండూ ఈ పని చేస్తాయి. మీ జాబితాలో అంకెలతో పని లేదు కాబట్టి 3174 కనబడిన ప్రతిచోటా 3074 పెట్టేయండి.

ఇంకొకటి, "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో కంటికి కనబడని గుర్తు ఒకటి, నంబరు 8204, ఉంటుంది. టకి వ ఒత్తు పడకుండా ఆపేది అదే. గళ్ళుగా కోసేదాకా దాన్ని ఉంచండి, కోశాక తీసేయండి. ముందే తీసేస్తే "ఫ్ట్వే" అని ఒకే గడి వస్తుంది. అసలు తీయకపోతే ఒకేలా కనిపించే రెండు గళ్ళు మళ్ళీ కలవవు.

సీసపద్యం:
మధ్యలో వస్తున్నా, ఏమీ అనుకోకండి. నేను గణాలు చూసే ప్రోగ్రాం రాసుకున్నా. ఛందస్సులో పొల్లు హల్లు ముందు అక్షరంతో కలిసి గురువవుతుంది. "క్రికెట్" నాకు క్రి, కెట్, రెండే. డీటీపీ గారి నియమంలో మూడు గళ్ళు వస్తాయి. చివర ఒక్క "ట్"కి గడి ఇవ్వడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది.

పాత డీటీపీ:
పద్యానికి మీరన్నదే రైటు సార్. పదకేళి నింపేవాళ్ళు మాత్రం "ట్"కి ఒక గడి వేసుకునే అలవాటులో ఉంటారు. కెట్ అని ఒకే గడిలో ఇరికిస్తే ఫోన్లు చేసి తిడతారు. పైగా నిలువు పదానికి "కెట్" ఎక్కడ దొరుకుతుంది?

గళ్ళపిచ్చి:
పొల్లుతో ముగిసే మాటల్నే జాబితాలోంచి తీసేశాను, గొడవ వదిలిపోయింది. ఇప్పుడు ఇంకో సమస్య. పైథాన్‌లో బొమ్మలు గీసే లైబ్రరీ పిల్లోతో గళ్ళని బొమ్మగా గీస్తే ఒత్తులన్నీ విడిపోతున్నాయి.

పాత డీటీపీ:
దానికి రాక్మ్ అనే లైబ్రరీ తోడుండాలి, లేకపోతే అంతే. దాని జోలికి పోకుండా గళ్ళని హెచ్‌టీఎంఎల్ టేబుల్‌గా రాసి, బ్రౌజర్ ప్రింట్‌లోంచి పీడీఎఫ్ తీసుకోండి. ఒత్తుల సంగతి బ్రౌజర్ చూసుకుంటుంది. గడి ఎత్తు కాస్త ఎక్కువే పెట్టండి, లేకపోతే "స్త్రీ" కింద గీతకి తగులుతుంది.