సేవకు వెళ్ళి తీసిన ఫోటో ఎవరిది? వాలంటీర్ల సొంత ఖాతాల మీద సంస్థ రూల్స్ పెట్టొచ్చా?

కృష్ణలంక_కుర్రాడు (చర్చ మొదలుపెట్టినవారు)
మాది బెజవాడలో ఓ చిన్న సేవా సంస్థ. జీతానికి ఆరుగురం, వాలంటీర్లు నలభై మంది దాకా. పోయిన నెల ఒకమ్మాయి, దిక్కులేని పిల్లలుండే హోమ్‌లో నోట్‌బుక్స్ పంచుతూ తీసిన రీల్ తన ఇన్‌స్టాలో పెట్టింది. కమిటీ పెద్దలు కంగారుపడి, "సంస్థ పనికి సంబంధించి సొంత ఖాతాలో ఏదీ పెట్టకూడదు, ముందు అడగాలి" అని రూల్ రాసే పని నాకు అంటగట్టారు. రాశాను. వాట్సాప్ గ్రూపులో పెట్టానో లేదో ఒకటే రచ్చ. "జీతం లేదు, ఆటో డబ్బులూ మావే, మా ఫోన్ మీద మీ పెత్తనమేంటి" అని ఇద్దరు గ్రూప్ వదిలేసి పోయారు. వాళ్ళన్నదీ తప్పనిపించట్లేదు, అదే నా టెన్షన్. మీరేమంటారు?

నల్లమల_గాలి
పోయినవాళ్ళదే కరెక్ట్. నేను రక్తదాన శిబిరాల్లో తిరుగుతుంటాను. నా పోస్ట్ చూసి మా డిగ్రీ బ్యాచ్ నుంచి పదకొండు మంది వచ్చి రక్తం ఇచ్చారు. అదే సంస్థ పేజీలో పెడితే లైకులు ఇరవై, అందులో సగం కమిటీ వాళ్ళవే. ఇంకో మాట. ఫేస్‌బుక్ పోస్ట్ పెట్టిందనీ, పార్టీ సభకు వెళ్ళిందనీ సస్పెండ్ చేసిన ఉద్యోగిని కేసులో, ప్రభుత్వ ఉద్యోగికీ తన అభిప్రాయం చెప్పుకునే హక్కు ఉందని 2020 జనవరిలో త్రిపుర హైకోర్టు అంది. జీతం తీసుకునేవాళ్ళకే ఆ హక్కుంటే, ఊరికే పనిచేసేవాడి నోరు నొక్కుతారా?

కోర్టు_వరండా
అన్నా, ఆ తీర్పును ఇక్కడిదాకా లాగకండి. అది ప్రభుత్వానికీ ఉద్యోగినికీ మధ్య తగువు. రాజ్యాంగంలో మాట్లాడే స్వేచ్ఛనిచ్చే ఆర్టికల్ 19 ముఖ్యంగా కట్టేసేది ప్రభుత్వం చేతుల్ని. మీకూ సంస్థకూ మధ్య ఉన్నది ఒప్పుకోలు వ్యవహారం, నచ్చకపోతే మానేయొచ్చు.

అయినా ఈ రీల్‌లో ఎవరి అభిప్రాయమూ లేదు, పిల్లలున్నారు. జువెనైల్ జస్టిస్ చట్టం, 2015, సెక్షన్ 74 చూడండి. సంరక్షణలో ఉన్న పిల్లల పేరు, చిరునామా, బడి, గుర్తుపట్టడానికి పనికొచ్చే ఏ వివరమూ బయటపెట్టకూడదు. పెడితే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. "వార్డెన్ సరేనన్నారు" అంటే చెల్లదు. పిల్లల మేలు కోసమైతేనే, అదీ కారణం రాసి, బాలల సంక్షేమ కమిటీయో జువెనైల్ జస్టిస్ బోర్డో అనుమతివ్వాలి. ముఖాలు బ్లర్ చేశాం కదా అంటారు. నేను చూసిన ఒక వీడియోలో ముఖాలన్నీ బ్లర్, వెనక గోడ మీద మాత్రం హోమ్ పేరు, ఊరు, ఫోన్ నంబరు ఎర్ర పెయింట్‌తో నిగనిగలాడుతున్నాయి.

సింగ్‌నగర్_వాసి
సహాయం తీసుకున్న వైపు నుంచి కూడా ఒకరు మాట్లాడాలి కదా. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బెజవాడలో బుడమేరు వాగు నీళ్ళు మా వీధిలోకి వచ్చేశాయి. అమ్మా నాన్నా నేనూ మేడ మీద. కరెంటు లేదు. నాన్న ఫోన్‌లో ముప్పై శాతం ఛార్జింగ్. ఒక వాలంటీరు కుర్రాడు మా అడ్రస్, నాన్న నంబరు తన స్టేటస్‌లో పెట్టాడు. అది చూసే పడవ వచ్చింది. ఆ అబ్బాయికి ఇప్పటికీ దండం పెడతాను. ఎవరి అనుమతి కోసమో ఆగి ఉంటే ఏమయ్యేదో.

కానీ ఆ మెసేజ్‌లో తేదీ లేదు, టైమ్ లేదు. మేం బయటపడ్డాక కూడా అది తిరుగుతూనే ఉంది. "ఎక్కడున్నారండీ, పడవ పంపమంటారా" అని ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్లు. అలా ఫోన్లు ఎత్తీ ఎత్తీ చివరికి ఛార్జింగ్ అయిపోయింది, చెల్లెలికి మేం బాగున్నామని చెప్పడానికి పక్కవాళ్ళ ఫోన్ అడుక్కున్నాం. ఆ మెసేజ్ నమ్మి ఎన్ని పడవలు ఖాళీ ఇంటికి వచ్చి వెనక్కి పోయాయో.

ఇక ఫోటో సంగతి. మర్నాడు వేరే సంస్థ వాళ్ళు అమ్మకు పాల ప్యాకెట్లు ఇస్తూ తీశారు. కట్టుకున్నది మార్చని చీర, తడిసిన జుట్టు. అది హైదరాబాద్‌లో మా పిన్ని ఫోన్‌దాకా వెళ్ళింది. "అడిగి తీశారా అమ్మా" అన్నాను. "అడిగారురా, పాల ప్యాకెట్ చేతిలో పట్టుకునే అడిగారు. వద్దని ఎలా అంటాను?" అంది.

డాలస్_బావ
ఆ బాధ అర్థమైంది. కానీ మా అసోసియేషన్‌లో డబ్బు పోగేసి పంపేవాళ్ళం ఏం చూసి నమ్మాలి? ఒకసారి పంపాం, ఫోటోల్లేవు, లెక్కల్లేవు. ఇప్పటికీ అందరూ నన్నే అడుగుతారు.

ఫీల్డ్_అక్క
బావగారూ, అసలు జబ్బు అక్కడే ఉంది. పదేళ్ళుగా ఈ పనిలోనే జీతం తీసుకుంటున్నాను. కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ డబ్బుతో చేసే పనికి తీసిన చోటు నమోదయ్యే జియోట్యాగ్ ఫోటో లేకపోతే నాకు బిల్లు పాస్ కాదు. అందుకని ముసలమ్మను "ఇటు చూడమ్మా, కాస్త నవ్వమ్మా" అని రెండోసారి నిలబెట్టింది నేనే. మేం తీస్తే డాక్యుమెంటేషన్, వాలంటీర్ తీస్తే క్రమశిక్షణా రాహిత్యం!

ఇప్పుడైతే పంచే కిట్ల గుట్ట ఫోటో, షాపు బిల్లు, సంతకాల రిజిస్టర్‌లో పేర్లు కప్పేసిన పేజీ పంపుతున్నాను. ఇద్దరు దాతలు గొణిగారు, ఒకరు మానేశారు. మిగతావాళ్ళు అలవాటు పడ్డారు.

నల్లమల_గాలి
సింగ్‌నగర్ గారూ, మీ అమ్మగారి మాట దగ్గర ఆగిపోయాను. పిల్లల విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ "ఏదీ పెట్టకూడదు" అన్నదానికి ఇప్పటికీ ఒప్పుకోను. నా రాజకీయం, నా తిట్లు, నా సినిమా గొడవలు సంస్థకెందుకు?

కోర్టు_వరండా
సంస్థ టీషర్ట్ వేసుకున్న డీపీతో తిట్టకపోతే చాలు.

కృష్ణలంక_కుర్రాడు
రాత్రి డ్రాఫ్ట్ మార్చాను. సొంత అభిప్రాయాల ఊసు తీసేశాను. హోమ్ పిల్లల ఫోటోలు ఎవరూ తీయకూడదు, సంస్థ కెమెరా కూడా. పెద్దవాళ్ళకైతే సామాను చేతికిచ్చి, కాసేపాగి, ఫోటో తీయొచ్చా అని కెమెరా లేనివాళ్ళు అడగాలి. సహాయం కోరే మెసేజ్‌కు అనుమతి అక్కర్లేదు, తేదీ, టైమ్ ఉండాలి, పని అయ్యాక పెట్టినవాళ్ళే తీసేయాలి.

నల్లమల_గాలి
మరి మీ సంస్థ పేజీలో ఇప్పటికే ఉన్న ఫోటోలు?

కృష్ణలంక_కుర్రాడు
నాలుగు వందల పైచిలుకు. పిల్లలవి ఒక్కొక్కటే తీసేస్తూ వచ్చి కవర్ ఫోటో దగ్గర ఆగాను. మా అధ్యక్షులవారు ఒక పసివాడికి దుప్పటి కప్పుతున్నది. రేపు సాయంత్రం మీటింగ్ ఉంది, అడగాలి.