మాటలు అందని ర్యాప్ ఆల్బమ్‌లు మీరెలా వింటున్నారు?

నాగోల్ ప్యాసింజర్:
అందరికీ నమస్తే. రోజూ నాగోల్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్తాను. ఆ టైమంతా పాటలకే. ఈ మధ్య డెత్ గ్రిప్స్ అనే అమెరికా ర్యాప్ గ్రూపు ఆల్బమ్ 'ది మనీ స్టోర్' పట్టుకుంది, వదలడం లేదు. 2012లో వచ్చింది, 13 పాటలు, 41 నిమిషాలు. మొదటి పాట 'గెట్ గాట్'లో గొంతు కాస్త అణిగే ఉంటుంది. రెండో పాట మొదలయ్యాక వాళ్ల ర్యాపర్ ఎంసీ రైడ్ అరుపు అందుకుంటాడు చూడండి, సీట్లో నిటారుగా కూర్చోవాల్సిందే.

నా ఇబ్బంది ఏమిటంటే, సగం మాటలు నాకు అందడం లేదు. ఇంగ్లిష్ రాక కాదు, ఆఫీసులో పొద్దంతా మాట్లాడేది అదే. ఆ అరుపులో, ఆ గరగరలాడే డిస్టార్షన్‌లో మాట విడిగా వినపడదు. అయినా ఒళ్లు జలదరిస్తోంది. మీరు లిరిక్స్ ముందే చదువుతారా, తర్వాత చూస్తారా, అసలు పట్టించుకోరా? తర్వాత ఏం వినాలో కూడా చెప్పండి.

తీన్‌మార్ తమ్ముడు:
అన్నా, నేను ఆ ఆల్బమ్‌ని డ్రమ్స్ పట్టుకుని విన్నా. ఆ గ్రూపులో జాక్ హిల్ అసలు డ్రమ్మర్‌గానే పేరు తెచ్చుకున్నోడు. గొంతు మీద నుంచి ధ్యాస తీసి, కింద ఏం నడుస్తోందో వినండి. మనం మర్ఫా డప్పులు మోగే హైదరాబాదోళ్లం. నిజాం కొలువులోకి వచ్చిన అరబ్బులు, సిద్దీలు తెచ్చింది అది, బార్కస్ పెళ్లిళ్లలో ఇప్పటికీ ఉంది. మన తీన్‌మార్‌కీ దానికీ చుట్టరికం ఉంది. బోనాలప్పుడు మా గల్లీలో దెబ్బ పడితే పాట ఏంటని ఎవ్వరూ అడగరు, ముందు కాలు లేస్తుంది. 'మనీ స్టోర్'లో 'ఐవ్ సీన్ ఫుటేజ్' పాట నాకు అట్లనే ఎక్కింది. మాటల గురించి నాకు టెన్షన్ లేదు.

తర్వాత వాళ్లదే 'నో లవ్ డీప్ వెబ్' వినండి. అదే ఏడాది అక్టోబర్‌లో వాళ్లే ఇంటర్నెట్‌లో ఫ్రీగా పెట్టేశారు, లేబుల్‌ని, అంటే వాళ్ల రికార్డు కంపెనీని, అడగలేదు. ఆ లేబుల్ ఎపిక్ రికార్డ్స్ ఆ తర్వాత వాళ్లను వదిలేసింది. 'మనీ స్టోర్' కంటే ఇందులో సౌండ్ పొడిగా, చల్లగా ఉంటుంది. ఒరిజినల్ కవర్ మాత్రం మెట్రోలో తెరవకండి.

రాత్రిషిఫ్ట్ అను:
నాది గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్. నా ఓటు 'క్లిప్పింగ్' అనే ర్యాప్ గ్రూపుకి. లాస్ ఏంజెలెస్ వాళ్లు. డవీద్ డిగ్స్ ర్యాప్ చేస్తాడు, విలియం హట్సన్, జోనథన్ స్నైప్స్ సౌండ్ చూసుకుంటారు. డిగ్స్ గొంతు గాజులా స్పష్టం, ఎంత వేగంలోనైనా అక్షరం మింగడు. కాబట్టి మీ సమస్య ఇక్కడ రాదు, ఇంకో సమస్య వస్తుంది: మాటలన్నీ తెలుస్తాయి, కింద బీట్ అనేదే ఉండకపోవచ్చు.

2014 నాటి 'సీఎల్‌పీపీఎన్‌జీ' ఆల్బమ్‌లో 'గెట్ అప్' అని ఒక పాట ఉంది. దానికి తాళం అలారం గడియారం బీప్. అదొక్కటే మోగుతూ ఉంటుంది, దాని మీదే ర్యాప్ నడుస్తుంది. పగలు పడుకుని సాయంత్రం అలారంతో లేచే మనిషిని, మొదటిసారి విన్నప్పుడు చెయ్యి దానంతట అదే ఫోన్ మీదకు పోయింది. కాసేపటికి ఆ బీప్ మీద కోరస్ పడుతుంది. అంత మెత్తని ట్యూన్ అక్కడ వస్తుందని అస్సలు ఊహించలేదు. నాకు రోజూ చిరాకు తెప్పించే శబ్దం మీద అంత చక్కటి పాట కట్టొచ్చని తెలిశాక, ఈ రకం సంగీతం మీద గౌరవం పెరిగింది.

కోఠి క్యాసెట్లు:
మీ అందరికంటే పెద్దవాణ్ణి. కోఠి, అబిడ్స్ షాపుల్లో ఖాళీ క్యాసెట్లు కొని పాటలు ఎక్కించుకున్న కాలం నాది. మా అబ్బాయి ఒకరోజు 'ఫ్లోరల్ షాప్' వినిపించాడు. మ్యాకింటాష్ ప్లస్ పేరుతో 2011 డిసెంబర్‌లో ఇంటర్నెట్‌లో వచ్చిన ఆల్బమ్. చేసింది అమెరికాలోని వెక్ట్రాయిడ్ అనే కళాకారిణి. గులాబీ రంగు కవర్, దాని మీద పాతకాలపు రాతి తల. వేపర్‌వేవ్, అంటే పాత పాటలను సాగదీసి చేసే ఈ ఇంటర్నెట్ సంగీతం, అనగానే అందరికీ గుర్తొచ్చే పాట అందులో రెండోది. డయానా రాస్ 1984లో పాడిన పాటను బాగా నెమ్మది చేసి, ముక్కలు చేసి, తిప్పి తిప్పి వేసింది.

బ్యాటరీ అయిపోతున్న టేప్ రికార్డర్‌లో ఆడగొంతు మగగొంతైపోయేది గుర్తుందా? అచ్చం అదే. మేం అప్పట్లో వెంటనే ఆపేసేవాళ్లం, రీలు చుట్టుకుంటుందని భయం. ఈమె ఆ సాగిన గొంతును సరిగ్గా అక్కడే నిలబెట్టింది. అమెరికా మాల్స్, పాత కంప్యూటర్లు అంటూ దీని గురించి ఏవేవో రాస్తారు. అవి నాకు తెలియని జ్ఞాపకాలు. నాకు తెలిసింది ఆ గొంతు సాగడమే, అది చాలా లోతుగా తగిలింది. రెండో సగం మాత్రం అంతగా నిలవలేదు. పాటను ఇలా నెమ్మది చేయడం 1990లలోనే హ్యూస్టన్‌లో డీజే స్క్రూ ర్యాప్ టేపులతో చేశాడు. అవి కూడా వెతికి వినండి బాబూ.

రెండోసారి విన్నాక:
తమ్ముడు చెప్పిన 'మాటలతో టెన్షన్ లేదు' అన్నది నేను ఒప్పుకోను. అమెరికా ర్యాపర్ ఎర్ల్ స్వెట్‌షర్ట్ ఆల్బమ్ 'సమ్ ర్యాప్ సాంగ్స్' 2018 నవంబర్‌లో వచ్చింది. 15 పాటలు, మొత్తం 24 నిమిషాలు. తిరిగి తిరిగి మోగే సంగీతపు ముక్కలు, అంటే లూపులు, అరిగిపోయినట్టు ఉంటాయి, గొంతు నిద్రలో మాట్లాడుతున్నట్టు. ఊరికే వింటే మత్తుగా బాగుంటుంది, అంతే.

అందులో 'ప్లేయింగ్ పాసమ్' అనే ముక్క ఉంది. దాంట్లో అతను ర్యాప్ చేయడు. అమ్మ ఒక సభలో మాట్లాడుతున్న గొంతు, నాన్న కవిత చదువుతున్న గొంతు, రెండూ పక్కపక్కనే పెట్టాడు. ఆమె అందరికీ థ్యాంక్స్ చెబుతుంటే ఈయన కవిత మధ్యలో వస్తూ ఉంటుంది. నాన్న దక్షిణాఫ్రికా కవి కియొరాపెట్సే క్గొసిట్సిలె. కొడుకు చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లిన మనిషి. ఈ పాట ఆయనకు వినిపించాలనుకున్నాడు ఎర్ల్. ఆల్బమ్ రాకముందే, అదే ఏడాది జనవరిలో ఆయన పోయారు. ఇది తెలిశాక విన్న రోజు నేను లిఫ్ట్‌లోకి వెళ్లకుండా పార్కింగ్‌లోనే ఉండిపోయాను. మా నాన్న కూడా లేరు. శబ్దం ముందు తగలొచ్చు, తప్పులేదు. అక్కడే ఆగిపోతే ఆ అబ్బాయి చెప్పుకున్నది మనదాకా రాదు.

తీన్‌మార్ తమ్ముడు:
అక్కా, ఇది నాకు తెలియదు. ఇవాళే వింటా, లిరిక్స్ పెట్టుకునే.

బోయిన్‌పల్లి బీట్స్:
బీట్లు చేసేవాడిగా ఒక మాట. ఇవన్నీ విన్నవాళ్లు వెనక్కి వెళ్లి, బీట్లు చేసే మ్యాడ్‌లిబ్, ర్యాపర్ ఎంఎఫ్ డూమ్ కలిసి చేసిన 'మ్యాడ్‌విలనీ' (2004) వినకపోతే చాలా పోగొట్టుకున్నట్టే. మ్యాడ్‌లిబ్ అందులో కొన్ని బీట్లు బ్రెజిల్ హోటల్ గదిలో చిన్న టర్న్‌టేబుల్, పాటల ముక్కలు కోసుకునే ఎస్‌పీ-303 శాంప్లర్ పెట్టుకుని చేశాడు. వాటి మీద ఎంఎఫ్ డూమ్ చాలా పాటల్లో కోరస్ కూడా లేకుండా చెప్పుకుంటూ పోతాడు. 22 ట్రాకులు, చాలావరకు రెండు నిమిషాల లోపే. మన ఇళ్లలో ఇంకో రికార్డు బాగా పనిచేస్తుంది: మ్యాడ్‌లిబ్‌దే 2007 నాటి 'బీట్ కండక్టా ఇన్ ఇండియా'. పాత హిందీ సినిమా సంగీతం కోసి చేసినవి. స్పీకర్‌లో పెడితే మా అమ్మ వంటింట్లోంచి, "ఆ పాట పూర్తిగా వెయ్యరా, మధ్యలో తెంపుతావేంటి" అంది. ఆ తెంపడంలోనే పని అంతా ఉందని కూర్చోబెట్టి వినిపించా. చివరిదాకా ఉంది.

నాగోల్ ప్యాసింజర్:
అందరికీ థ్యాంక్స్. 'గెట్ అప్' మెట్రోలో విన్నాను. తలుపులు మూసుకునే బీప్ పాటలోదా, రైలుదా అని అమీర్‌పేట దగ్గర రెండు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్స్ తీసి చూడాల్సి వచ్చింది. ఎర్ల్ ఆల్బమ్ మెట్రోలో వినకూడదని తేల్చుకున్నాను, దానికి ఇల్లే సరి. 'మనీ స్టోర్' లిరిక్స్ చదవడం మొదలుపెట్టా. చదివాక ఆ అరుపుల్లో కోపం కంటే భయం ఎక్కువగా వినపడుతోంది, ఎవరో వెంటాడుతున్నట్టు. అది ఇన్నాళ్లూ వట్టి శబ్దంతోనే లీలగా తెలిసిందనుకుంటాను.

అను గారూ, క్లిప్పింగ్‌లో తర్వాత ఏది?

రాత్రిషిఫ్ట్ అను:
'స్ప్లెండర్ అండ్ మిజరీ', 2016. ఒక్క కథే ఆల్బమంతా. బానిసలను మోసుకెళ్తున్న అంతరిక్ష నౌకలో తిరుగుబాటు జరిగి ఒక్కడే మిగులుతాడు. ఆ నౌక కంప్యూటర్ అతన్ని ప్రేమిస్తుంది. మరుసటి ఏడాది సైన్స్ ఫిక్షన్ వాళ్ల హ్యూగో అవార్డుకు నామినేట్ అయింది. 37 నిమిషాలే, షఫుల్ పెట్టకుండా వరుసగా వినండి. రెండో ట్రాక్ 'ది బ్రీచ్' అందనంత వేగం, దాన్ని అలాగే పోనివ్వండి. మూడోది 'ఆల్ బ్లాక్' కంప్యూటర్ చెప్పే కథ, దాని లిరిక్స్ మాత్రం ముందే చదవండి. మధ్యలో వాయిద్యాలు లేకుండా చర్చి పాటలా పాడేవి వస్తాయి, ఈ గోల అంతటి తర్వాత అవి ఇంకా గట్టిగా తగులుతాయి. విన్నాక ఇక్కడే రాయండి.