'లుక్డ్ అప్ ది వర్డ్'లో అప్ ప్రిపొజిషన్ ఎందుకు కాదు?

ప్రశ్న:
పోటీ పరీక్ష కీలో 'హి లుక్డ్ అప్ ది వర్డ్'లో అప్, 'షి కేమ్ హోమ్'లో హోమ్ రెండూ యాడ్‌వర్బులని ఇచ్చారు. 'ఎ ఫ్రెండ్లీ డాగ్'లో ఫ్రెండ్లీ ఏమో అడ్జెక్టివ్ అట. ఎలా గుర్తుపట్టాలో చెప్తారా?

జవాబు 1:
ఫ్రెండ్లీ తేలికండీ. -లీ దేనికి తగిలిందో చూడండి. స్లో లాంటి అడ్జెక్టివ్‌కు తగిలితే స్లోలీ, యాడ్‌వర్బ్. ఫ్రెండ్, కవర్డ్ (పిరికివాడు) లాంటి నౌన్‌కు తగిలితే ఎక్కువగా అడ్జెక్టివే. డైలీ, వీక్లీ మాత్రం రెండు పనులూ చేస్తాయి. 'ఎ డైలీ పేపర్'లో అడ్జెక్టివ్, 'ఇట్ కమ్స్ డైలీ'లో యాడ్‌వర్బ్. -లీ లేని యాడ్‌వర్బులూ ఉన్నాయి, 'వర్క్స్ హార్డ్'లో హార్డ్ లాగా. అది చూసి 'వర్క్స్ హార్డ్‌లీ' అని రాయకండి. 'హార్డ్‌లీ వర్క్స్' అంటే దాదాపు పనే చేయడని అర్థం.

జవాబు 2:
అప్ సంగతి కాస్త నిదానంగా చూడాలి. దీని పక్కన 'హి వెంట్ అప్ ది హిల్' పెట్టుకోండి. మొదట, అప్‌ను ఆబ్జెక్ట్ తర్వాతకు జరపండి. 'లుక్డ్ ది వర్డ్ అప్' కుదురుతుంది, 'వెంట్ ది హిల్ అప్' కుదరదు. తర్వాత ఆబ్జెక్ట్ తీసేసి ఇట్ పెట్టండి. 'లుక్డ్ ఇట్ అప్' అనే అనాలి, 'లుక్డ్ అప్ ఇట్' తప్పు. కొండ విషయంలో 'వెంట్ అప్ ఇట్' సరిగ్గా ఉంటుంది. జరిగితే యాడ్‌వర్బ్, జరక్కపోతే ప్రిపొజిషన్. కొత్త గ్రామర్ పుస్తకాలు ఈ యాడ్‌వర్బ్‌నే పార్టికల్ అంటాయి. ఆప్షన్లలో పార్టికల్ ఉంటే అదే పెట్టండి.

అర్థాన్ని బట్టి మాత్రం తేల్చకండి. 'లుక్ ఆఫ్టర్ ది చైల్డ్' మొత్తానికి ఒకే అర్థమున్నా, ఆఫ్టర్ జరగదు. 'లుక్ ఆఫ్టర్ హిమ్' అంటాం కదా, అది ప్రిపొజిషనే.

జవాబు 3:
హోమ్ స్థానంలో దేర్ పెట్టి చూడండి. 'కేమ్ దేర్', సరిపోయింది, కాబట్టి యాడ్‌వర్బ్. 'వెంట్ టు స్కూల్'లో స్కూల్ ఒక్కటే తీసి దేర్ పెడితే 'వెంట్ టు దేర్' అవుతుంది, కుదరదు. అందుకే స్కూల్ నౌన్. మనం 'ఇంటికి'లోని కి-ని తలచుకుని 'గో టు హోమ్' అనేస్తాం; యాడ్‌వర్బ్ ముందు ఆ టు అక్కర్లేదు. 'మై హోమ్'లో మాత్రం హోమ్ నౌనే.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. మరి 'ది సూప్ టేస్ట్స్ గుడ్'లో గుడ్? వెర్బ్ పక్కనే ఉంది కదా.

జవాబు 2:
పక్కన ఉన్నా అది చెప్పేది సూప్ గురించి. టేస్ట్స్ తీసి ఈజ్ పెట్టండి. 'ది సూప్ ఈజ్ గుడ్', వాక్యం నిలబడింది, కాబట్టి అడ్జెక్టివ్. 'హి లుక్డ్ యాంగ్రీ' కూడా అంతే. 'హి లుక్డ్ యాంగ్రిలీ ఎట్ మి'లో ఈజ్ నిలవదు. అక్కడ చూసే పని జరుగుతోంది, ఎలా చూశాడో యాడ్‌వర్బ్ చెప్తోంది.