44 ఏళ్ల వయసులో 100 ఫ్రీస్టైల్‌కి టైమ్ టార్గెట్ ఎంత పెట్టుకోవాలి?

కేసీ కెనాల్ (కర్నూలు):
అందరికీ నమస్తే. నాకు 44 ఏళ్లు. కాలేజీలో ఉన్నప్పుడు యూనివర్సిటీ తరఫున ఈదేవాణ్ని, అప్పట్లో 100 మీటర్ల ఫ్రీస్టైల్ 1:06 (నిమిషం ఆరు సెకన్లు). తర్వాత ఉద్యోగం, పిల్లలు, ఈత పూర్తిగా ఆగిపోయింది. ఈమధ్య మళ్లీ మొదలుపెట్టి మాస్టర్స్ పోటీలకు (పెద్దవాళ్లకు వయసు గ్రూపులవారీగా జరిగేవి) కూడా వెళ్తున్నా. మా 25 మీటర్ల పూల్‌లో ఇప్పుడు 1:24 వస్తోంది, మొదటి 50 మీటర్లు 38 సెకన్లు, రెండో 50 మీటర్లు 46. మొన్న పోటీలో 50 మీటర్ల పూల్‌లో దిగితే 1:27 దాటింది. ఇంత ప్రాక్టీస్ చేసి ఇంకా వెనక్కి పోయానా అని మనసు విరిగిపోయింది, కొన్నాళ్లు పూల్ వైపే వెళ్లబుద్ధి కాలేదు. 1:10 కొట్టాలని గోడ మీద రాసుకున్నా కానీ అది చూస్తే హుషారు రావట్లేదు, టెన్షన్ వస్తోంది. అలాగని టార్గెట్ లేకుండా ఊరికే ఈదడం నా వల్ల కాదు. మీరంతా టార్గెట్ ఎలా పెట్టుకుంటున్నారో చెప్పండి.

అనంతపురం బటర్‌ఫ్లై:
అన్నా, మీరు వెనక్కి పోలేదు. 25 మీటర్ల పూల్‌లో 100 మీటర్లకు మూడు టర్న్‌లు, 50 మీటర్ల పూల్‌లో ఒకటే. ప్రతి టర్న్‌లోనూ గోడను తన్ని వచ్చే వేగం ఈత వేగం కన్నా ఎక్కువ, అందుకే మన స్థాయి వాళ్లకు పెద్ద పూల్‌లో రెండు మూడు సెకన్లు ఎక్కువ పడటం మామూలే. మీ 1:24, ఆ 1:27 దాదాపు ఒకే ఈత. రెండు పూల్స్‌కి రెండు వేరు వేరు రికార్డులు రాసుకోండి, ఒకదానితో ఒకటి కలపకండి. ఇంకొకటి, మీరు ఈదే పూల్ నిజంగా 25 మీటర్లేనా అని ఒకసారి టేప్ పెట్టి కొలిపించండి. హోటళ్లలో, అపార్ట్‌మెంట్లలో 20, 22 మీటర్లవి చాలా ఉంటాయి, అక్కడి టైమ్ చూసుకుని పోటీకి పోతే గుండె జారిపోతుంది.

ఆ 1:06ని మాత్రం దయచేసి పక్కన పెట్టండి. అది ఇరవై ఏళ్ల కుర్రాడి టైమ్. ప్రపంచ ఈత సమాఖ్య వరల్డ్ అక్వాటిక్స్ మాస్టర్స్ రూల్స్‌లో 25 నుంచి ఐదేళ్లకో గ్రూపు, వయసు లెక్క ఆ ఏడాది డిసెంబర్ 31 నాటికి. అంటే మీకు 45 నిండే ఏడాది జనవరి నుంచే మీరు 45-49 గ్రూపులో ఉంటారు, అందులో అందరికన్నా చిన్నవాళ్లలో ఒకరుగా! నేను కొత్త గ్రూపులోకి వచ్చిన ప్రతిసారీ మొదటి పోటీలో వచ్చిన టైమే నా రికార్డు అనుకుని కొత్త పేజీలో మొదలుపెడతాను. పాత పేజీ తిప్పి చూడను.

హంద్రీ ఒడ్డు:
వయసు వయసు అని మరీ తగ్గించుకోవడం కూడా మంచిది కాదు. అమెరికా స్విమ్మర్ డారా టోరెస్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 50 ఫ్రీస్టైల్ 24.63 సెకన్లలో ఈది కాంస్యం తీసుకుంది. 2008 బీజింగ్‌లో 41 ఏళ్ల వయసులో 24.07 ఈదింది, ఒక్క సెకనులో వందో వంతు తేడాతో బంగారం పోయింది. పెద్ద టార్గెట్ పెట్టుకోవాలన్నా, 1:10 ఎందుకు రాదు?

కడప కోచ్:
టోరెస్ అంటే నాకూ చాలా గౌరవం, కానీ ఆమెకు ఈతే ఉద్యోగం, చుట్టూ పెద్ద టీమ్ ఉండేది. పైగా 2008లో వాడిన ఒళ్లంతా కప్పే ఆ ప్రత్యేక సూట్‌లను 2010 నుంచి నిషేధించారు. ఉదయం ఈది తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాల్సిన మనిషికి ఆ కొలత పెట్టకూడదు.

కర్నూలు సార్, నన్నడిగితే మీ టార్గెట్ మీ పోస్ట్‌లోనే ఉంది. 38, 46. రెండు సగాలకు ఎనిమిది సెకన్ల తేడా! మొదటి 50కి డైవ్ కలిసొస్తుంది కాబట్టి రెండో సగం కొంచెం నిదానంగా రావడం సహజం, మూడు నాలుగు సెకన్లయితే నేను పట్టించుకోను. ఎనిమిది అంటే మీరు కాలేజీ కుర్రాడిలా మొదట్లోనే మొత్తం ఖర్చు పెట్టేస్తున్నారు, చివరి లెంగ్త్‌లో (చివరి 25 మీటర్లలో) చేతులు బరువెక్కి స్ట్రోక్ ముక్కలవుతోంది. మీకు వేగం ఉంది, దాన్ని నిలబెట్టుకోవడమే రావట్లేదు. కాబట్టి ఆ 1:10 చెరిపేసి 39 ప్లస్ 42 అని రాసుకోండి. మొదటి సగం ఒక సెకను నిదానంగా పోవాలి, ఇది వినడానికి తేలికే కానీ పోటీలో పక్క లేన్ వాడు ముందుకు పోతుంటే ఆగడం చాలా కష్టం, దీన్నే ప్రాక్టీస్ చేయాలి. అప్పుడు 1:21 వస్తుంది, అది మూడు సెకన్ల లాభం.

వారానికి ఒకరోజు, డైవ్ లేకుండా గోడ తన్ని 50 మీటర్లు 42 సెకన్లలో ఈదండి, నిమిషం రెస్ట్, మళ్లీ 50. మొదట్లో ఎన్ని సార్లు నిలబెట్టగలిగితే అన్ని. 44 దాటిందంటే ఆ రోజుకి ఆపేయండి. ఎనిమిది సార్లు 42 నిలబడిన రోజున 1:21కి సిద్ధమయ్యారని నా లెక్క. ప్రతి లెంగ్త్‌కి స్ట్రోక్‌లు కూడా లెక్కపెట్టుకోండి. టైమ్ తగ్గని వారాల్లో కూడా 24 స్ట్రోక్‌లు 22 అయ్యాయంటే ముందుకు పోతున్నట్టే. పోటీ టైమ్ ఏడాదికి రెండు మూడు సార్లే తెలుస్తుంది, మధ్యలో మనిషిని నిలబెట్టేవి ఇవే.

కేసీ కెనాల్ (కర్నూలు):
సార్, ఆ ఎనిమిది సెకన్ల తేడా రోజూ కళ్ల ముందే ఉంది, దాన్ని టార్గెట్‌గా చూడొచ్చని నాకు తట్టలేదు. అక్కా, పూల్స్ సంగతి చెప్పి పెద్ద బరువు దించారు. 39 ప్లస్ 42 రేపటి నుంచే. ఇంకో డౌట్, మాది ఓపెన్ పూల్, మే నెలలో నీళ్లు వేడెక్కిపోతాయి, పైగా సమ్మర్ క్యాంప్ పిల్లలతో లేన్ దొరకదు. అప్పుడు టైమ్ చూసుకోవాలా వద్దా?

కడప కోచ్:
వద్దు సార్. పోటీలకు నీళ్లు 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలని రూల్, మన రాయలసీమలో మే నెల ఓపెన్ పూల్ ఎక్కడ, అదెక్కడ. వేడి నీళ్లలో గట్టిగా ఈదితే ఒళ్లు చల్లబడదు, తొందరగా అలసిపోతారు, ఆ టైమ్ చూసుకుంటే మళ్లీ మనసు పాడవుతుంది. ఆ నెలంతా స్టాప్‌వాచ్ ఇంట్లో పెట్టి టర్న్‌లు, స్ట్రోక్ చూసుకోండి. తెల్లవారుజామున పూల్ తెరవగానే వెళ్తే నీళ్లు కొంచెం నయంగా ఉంటాయి, లేన్ కూడా దొరుకుతుంది. గట్టు మీద నీళ్ల బాటిల్ ఉంచుకోండి, ఈదేటప్పుడు చెమట పట్టడం తెలియదు కానీ పడుతుంది. వానలు మొదలై నీళ్లు చల్లబడ్డాక 42ల సెట్ చేసి ఎన్ని నిలబడ్డాయో ఇక్కడ రాయండి, దాన్ని బట్టి పెద్ద పూల్‌కి టైమ్ లెక్క వేద్దాం.