ఫోరెన్సిక్ అకౌంటింగ్‌లోకి రావాలంటే ఏం చదవాలి, ఎంత అనుభవం కావాలి?

నరసరావుపేట_బీకాం:
సీఏ ఇంటర్ రెండు గ్రూపులూ అయ్యాయి, ఆర్టికల్‌షిప్ (సీఏ దగ్గర చేసే శిక్షణ) కోసం చూస్తున్నాను. లెక్కల్లో మోసాలు పట్టే పని మీద నాకు చాలా ఇష్టం. మూడు నెలల ఆన్‌లైన్ కోర్సు చేస్తే ఫోరెన్సిక్ ఆడిటర్ అయిపోవచ్చని ఒకచోట చెప్పారు. ఫీజు 40 వేలు. కట్టమంటారా? ఈ పనిలో ఉన్నవాళ్లు ఎలా వచ్చారో కాస్త చెప్పండి.

బెజవాడ_ఆడిటర్:
ఆ డబ్బు కట్టకు తమ్ముడూ. సరైన పుస్తకాలు ఎలా ఉంటాయో బాగా చూసినవాడికే తప్పుడు పుస్తకాలు తెలుస్తాయి. అది ఆర్టికల్‌షిప్‌లో వోచర్లు తిరగేస్తేనే వస్తుంది. సత్యం కంప్యూటర్స్ సంగతే చూడు. పుస్తకాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో 5,040 కోట్లు అసలు లేనే లేవని 2009 జనవరి 7 నాటి ఉత్తరంలో దాని ఛైర్మన్ రామలింగరాజే ఒప్పుకున్నారు. బ్యాలెన్స్ కన్ఫర్మేషన్‌ను, అంటే ఖాతాలో ఇంత ఉందని బ్యాంకు ఇచ్చే కాగితాన్ని, కంపెనీ చేతుల మీదుగా కాక నేరుగా బ్యాంకు నుంచే తెప్పించుకోవాలని మా ఆఫీసులో కొత్తగా చేరిన ఆర్టికల్‌కి మొదటి నెలలోనే చెప్తాం. నా లెక్కలో ఆ ఒక్క పని గట్టిగా చేసి ఉంటే అది అన్నేళ్లు సాగేది కాదు.

సీఏ అయ్యాక మన సీఏ ఇన్‌స్టిట్యూట్‌దే ఎఫ్‌ఏఎఫ్‌డీ (ఫోరెన్సిక్ అకౌంటింగ్, ఫ్రాడ్ డిటెక్షన్) సర్టిఫికెట్ కోర్సు ఉంది, అది చెయ్యి. ఈ పనికి ఇన్‌స్టిట్యూట్ పెట్టిన ఎఫ్‌ఏఐఎస్ (ఫోరెన్సిక్ అకౌంటింగ్, ఇన్వెస్టిగేషన్) ప్రమాణాలు 2023 జులై 1 నుంచి తప్పనిసరి. వాటిని ఇప్పటి నుంచే చదువుకో.

క్రెడిట్_డెస్క్:
ఆడిటర్ గారూ, సీఏ ఉంటే మంచిదే గానీ అదొక్కటే దారి కాదండీ. నాది ఎంబీఏ. ప్రభుత్వ బ్యాంకులో అప్పుల విభాగంలో చాలా ఏళ్లు చేసి, మోసాల పరిశీలనకి వచ్చాను. తర్వాత సీఎఫ్‌ఈ (సర్టిఫైడ్ ఫ్రాడ్ ఎగ్జామినర్) పరీక్ష రాశాను. అమెరికాలోని ఏసీఎఫ్‌ఈ అనే సంస్థ ఇచ్చేది అది. నేను రాసినప్పుడు మోసాల తీరుతెన్నులు, చట్టం, దర్యాప్తు, నివారణ అని నాలుగు భాగాలు ఉండేవి. పరీక్ష పాసైనంత మాత్రాన ఇవ్వరు, ఇలాంటి పనిలో రెండేళ్ల అనుభవం చూపించాలి.

నాకు అసలు పని నేర్పింది ఒక స్పిన్నింగ్ మిల్లు ఖాతా. నెలనెలా స్టాక్ స్టేట్‌మెంట్లు బ్రహ్మాండంగా వచ్చేవి, డ్రాయింగ్ పవర్ (ఆ స్టాక్ చూసి బ్యాంకు వాడుకోనిచ్చే అప్పు పరిమితి) పెరుగుతూ పోయేది. కిలో నూలుకి ఎంత కరెంటు పడుతుందో అక్కడి సూపర్‌వైజర్‌ని అడిగి తెలుసుకుని, కరెంటు బిల్లులు తెప్పించాను. వాళ్లు చూపించిన నూలులో సగం తీయడానికి కూడా ఆ యూనిట్లు చాలవు! సరుకు రవాణాకి తీసే ఈ-వే బిల్లుల్లోని లారీ నంబర్లు రవాణా శాఖ రికార్డులో వెతికితే కొన్ని మోటార్‌సైకిళ్లవని తేలింది. మిల్లు సరుకు కొన్నదీ అమ్మిందీ అవే నాలుగు కంపెనీలతో, వెళ్లిన డబ్బు వారం తిరక్కుండా మిల్లు ఖాతాకే వచ్చేది. పుస్తకాల్లో మాత్రం రూపాయి తేడా లేదు. ఎంబీఏలో గానీ సీఎఫ్‌ఈలో గానీ నాకెవరూ నూలు గురించి చెప్పలేదు. ఎవరి లెక్కలు చూస్తున్నావో ఆ వ్యాపారం ఎలా నడుస్తుందో అక్కడి పనివాళ్లనే అడుగు బాబూ.

దివాలా_ఫైళ్లు:
తమ్ముడూ, సీఏ అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే ఈ పని చూడాలంటే ఐబీసీ (దివాలా చట్టం) కేసులు చేసే ఫర్మ్ వెతుక్కో. హైదరాబాద్‌లో నేను అలాగే మొదలుపెట్టాను. కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లాక ఆ చట్టంలోని 43, 45, 50, 66 సెక్షన్ల కింద పాత లావాదేవీలన్నీ తవ్వాలి. మిగతా అప్పులవాళ్లని పక్కనపెట్టి ఒకరికే ముందు కట్టేశారనుకో, సొంతవాళ్లకైతే రెండేళ్లు, బయటివాళ్లకైతే ఏడాది వెనక్కి వెళ్లి చూస్తాం. చిన్న ఫర్ముల్లో ఈ పనిలో ఎక్కువ భాగం ఆర్టికల్స్ చేతుల్లోనే నడుస్తుంది.

పెద్ద డేటాని జల్లెడ పట్టడానికి పవర్ క్వెరీ, కాస్త ఎస్‌క్యూఎల్ ఇప్పుడే నేర్చుకో. కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ 2023 ఏప్రిల్ నుంచి తప్పనిసరి. ఏ ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో అందులో దొరుకుతుంది.

ప్లీడర్_కాకినాడ:
రిపోర్టు రాయడం గురించి ఎవరూ చెప్పలేదే. ఎంతో కష్టపడి పట్టుకున్న విషయం క్రాస్ ఎగ్జామినేషన్‌లో పది నిమిషాల్లో కూలిపోవడం చూస్తే బాధేస్తుంది. ‘ఫలానా డైరెక్టర్ మోసం చేశాడు’ అని రాయకూడదు. ఫలానా తేదీన ఈ ఖాతా నుంచి ఆ ఖాతాకి ఇంత వెళ్లింది, ఆధారం ఈ పత్రం అని రాసి ఊరుకోవాలి. నేరం తేల్చేది కోర్టు. కంప్యూటర్ నుంచి తీసిన డేటాకి ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ విలువ (ఫైల్‌లో ఏది మారినా మారిపోయే, దాని వేలిముద్ర లాంటి కోడ్) రాయాలి. డేటా తీసిన రోజే హ్యాష్ తీసి పెట్టుకోకపోతే, ‘మధ్యలో మీరే మార్చారు’ అని అవతలి వకీలు అంటే మీ దగ్గర జవాబుండదు. సాక్ష్య చట్టం పరీక్ష సిలబస్‌లో లేకపోయినా చదవండి.

డల్లాస్_సీపీఏ:
అమెరికా ఆలోచన ఉంటే ఇక్కడ ముందు సీపీఏ (మన సీఏ లాంటిది), ఆ తర్వాత ఇక్కడి సీపీఏల సంఘం ఏఐసీపీఏ వాళ్ల సీఎఫ్‌ఎఫ్ అనే ఫోరెన్సిక్ సర్టిఫికెట్. అదీ అనుభవం చూపిస్తేనే ఇస్తారు.

నరసరావుపేట_బీకాం:
అందరికీ చాలా థ్యాంక్స్. ఆ కోర్సు ఆలోచన మానేశాను. రెండు ఫర్ములు రమ్మంటున్నాయి. గుంటూరులో అయితే జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు, స్టైపెండ్ కాస్త ఎక్కువ. విజయవాడలో బ్యాంకు స్టాక్ ఆడిట్లు (అప్పు తీసుకున్నవాళ్ల సరుకు నిల్వల తనిఖీ), అప్పుడప్పుడు ఐబీసీ పని. కానీ రూమ్ తీసుకోవాలి, అదే టెన్షన్.

బెజవాడ_ఆడిటర్:
విజయవాడకే రా. చేరేముందు ఒక్కటి అడుగు: స్టాక్ ఆడిట్‌కి ఆర్టికల్స్‌ని గోడౌన్‌కి పంపుతారా, ఆఫీసులో కూర్చోబెట్టి ఫార్మాట్లు నింపిస్తారా అని. పంపుతామంటే ఇంకేం ఆలోచించకు. రూమ్ గురించి నాకు మెసేజ్ పెట్టు, గవర్నర్‌పేటలో మా ఆర్టికల్స్ కొందరు కలిసి ఉంటున్నారు, మాట్లాడతాను.