అద్దెకున్నవాళ్ల పిల్లల ఆట స్థలం: గేటు లోపలి సంగతి మున్సిపాలిటీకి పట్టదా?

403_అద్దె

హైదరాబాద్ పడమటి శివారులో ఐదు బ్లాకుల అపార్ట్‌మెంట్‌లో మూడేళ్లుగా అద్దెకుంటున్నాం. మెయింటెనెన్స్ నెలనెలా మేమే కడతాం, ఓనర్ కాదు. జనవరిలో అసోసియేషన్ వాళ్లు తీర్మానం చేశారు. సాయంత్రం 5 నుంచి 7 దాకా ప్లే ఏరియా ఓనర్ల పిల్లలకు, 7 తర్వాత టెనెంట్ల పిల్లలకు. 7 తర్వాత అక్కడ లైటు వెలగదు. మొన్న వాచ్‌మన్ మా పాపను ఆపి "ఏ ఫ్లాట్, ఓనరా టెనెంటా" అని అడిగాడట. అది ఇంటికొచ్చి "నాన్నా, టెనెంట్ అంటే ఏంటి?" అంది.

మున్సిపల్ యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. తొమ్మిది రోజులకు "పరిష్కరించబడింది" అని వచ్చింది. కింద రిమార్కు: "ఇది అంతర్గత విషయం, అసోసియేషన్‌తో మాట్లాడుకోగలరు." సోమవారం ప్రజావాణికి (అధికారులు నేరుగా ఫిర్యాదులు తీసుకునే కార్యక్రమం) కూడా వెళ్లాను. "గేటు లోపల మాకేం సంబంధం లేదండి, బయట పార్కు ఉంది కదా" అన్నారు. ఆ పార్కు మెయిన్ రోడ్డు అవతల, దాదాపు కిలోమీటరు. సాయంత్రం ఆరింటికే గేటు మూసేస్తారు.

నా ప్రశ్న ఒక్కటే. ఇలాంటి చోట మున్సిపాలిటీ కలగజేసుకోవాలా, వద్దా? అసోసియేషన్‌ను తిట్టడానికి వేరే థ్రెడ్‌లు చాలా ఉన్నాయి, అది ఇక్కడ వద్దు.

సొంతిల్లు_ఈఎంఐ

వద్దు. నేను ఓనర్ని, ఇరవై ఏళ్ల లోను నా నెత్తిన ఉంది. ఉయ్యాల గొలుసు తెగితే కొత్తది వేసేది కార్పస్ ఫండ్ (అసోసియేషన్ ఉమ్మడి నిధి) లోంచి, ఆ ఫండ్ కట్టింది ఓనర్లు. మా దగ్గర సగానికి పైగా ఫ్లాట్లు అద్దెకే ఉన్నాయి. పదకొండు నెలల అగ్రిమెంట్ అయిపోగానే సగం మంది వెళ్లిపోతారు, విరిగిన జారుడుబల్ల మాకు మిగులుతుంది. టైమింగులు పెట్టడం తప్పేమీ కాదు. రేపు మున్సిపాలిటీ వచ్చి మా లిఫ్టులో ఎవరెక్కాలో కూడా చెప్తుందా? (7 తర్వాత లైటు తీసేయడం మాత్రం చెత్త పని. అది ఒప్పుకుంటా.)

పాత_కార్యదర్శి

రెండు టర్ములు కార్యదర్శిగా చేశాను, వేరే చోట. లోపలి కథ చెప్తాను. ఓనరా టెనెంటా అన్నది పైకి చెప్పే మాటే. అసలు గొడవ సంఖ్య. ఆరు వందల గజాలు ఉండాల్సిన చోట రెండు వందల గజాలు ఉంటే యాభై మంది పిల్లలు పడరు. అప్పుడు ఎవర్నో ఒకర్ని తగ్గించాలి. మీటింగ్‌లో ఓటు లేనివాళ్లను తగ్గించడం తేలిక. అద్దెకున్నవాళ్లు మీటింగ్‌కి రారు అంటాం, నిజానికి మేమే పిలవం.

రెండోది, గ్రౌండ్ ఫ్లోర్‌లో పెద్దవాళ్లు. అరుపులకు నిద్ర పట్టదని లెటర్లు రాసేవారు. బంతి తగిలి కారు అద్దం పగిలితే ఆ రాత్రంతా వాట్సాప్ గ్రూపులో యుద్ధమే. నేను "బాల్ గేమ్స్ ఆడరాదు" అని బోర్డు పెట్టించాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది, ఎందుకంటే ఆ తర్వాత పిల్లలు సెల్లార్‌లో రివర్స్ వచ్చే కార్ల మధ్య ఆడటం మొదలుపెట్టారు.

లా_పాయింట్

చట్టం వైపు నుంచి రెండు ముక్కలు. 2016 రెరా చట్టం (ఇళ్లు, ఫ్లాట్లు కట్టి అమ్మే బిల్డర్లను నియంత్రించే చట్టం) 2(ఎన్)లో "కామన్ ఏరియా" నిర్వచనం ఉంది. అందులో పార్కులు, ప్లే ఏరియాలు పేరు పెట్టి రాశారు. అంటే ఆట స్థలం ఏ ఒక్కరిదీ కాదు, అందరిదీ. అయితే అదే చట్టం 2(డి)లో "అలాటీ" (ఫ్లాటు కొనుక్కున్నవారు) అంటే ఎవరో చెబుతూ, అద్దెకు తీసుకున్నవారు ఆ మాట కిందికి రారని స్పష్టంగా తీసేశారు. కాబట్టి రెరా దగ్గరికి అలాటీగా వెళ్లాలంటే మీ ఓనర్ వెళ్లాలి, మీరు కాదు.

రెండోది పాత చట్టం. 1882 ఆస్తి బదిలీ చట్టం 105వ సెక్షన్ ప్రకారం లీజు అంటేనే ఆ ఆస్తిని అనుభవించే హక్కును ఇవ్వడం. ఫ్లాటు ఇచ్చి, ఫ్లాటుతో పాటు వచ్చే మెట్లు, లిఫ్టు, ఆవరణ మాత్రం వాడొద్దంటే అది సగం అద్దె. కోర్టులో ఈ వాదన నిలబడుతుందనే నా అభిప్రాయం. కానీ జారుడుబల్ల కోసం సివిల్ కోర్టుకి ఎవరు వెళ్తారు? తీర్పు వచ్చేసరికి పాప ఇంటర్ చదువుతుంటుంది.

సొంతిల్లు_ఈఎంఐ

చూశారా, చట్టమే అద్దెవాళ్లను పక్కన పెట్టింది.

లా_పాయింట్

బిల్డర్ మీద ఫిర్యాదు చేసే హక్కు విషయంలో పక్కన పెట్టింది. ఉయ్యాల ఊగే విషయంలో కాదు. రెండూ ఒకటి చేయకండి సార్.

లండన్_బాబాయ్

ఇక్కడ అచ్చం ఇలాంటిదే పెద్ద గొడవైంది. లండన్ లాంబెత్ బరోలో (బరో అంటే ఇక్కడి స్థానిక పాలన విభాగం) బేలిస్ ఓల్డ్ స్కూల్ అని పాత బడి స్థలంలో వచ్చిన సముదాయం ఉంది. ఒకే సముదాయంలో కొనుక్కున్న ఫ్లాట్లు, సోషల్ హౌసింగ్ కింద తక్కువ అద్దెకిచ్చిన ఫ్లాట్లు. ఆట స్థలానికీ అద్దె ఇళ్లకూ మధ్య దట్టంగా పొదలు పెంచారు. అద్దె పిల్లలు కిటికీలోంచి ఆట చూడటమే. 2019 మార్చిలో గార్డియన్ పత్రిక రాసింది, దేశమంతా గోల. ముఖ్యమైన సంగతేంటంటే, కొనుక్కున్న ఇళ్లవాళ్లు కూడా "మా పిల్లల స్నేహితులు అవతల ఉన్నారు, కంచె తీయండి" అని గొంతు కలిపారు. చివరికి ఆట స్థలం అందరికీ తెరిచారు.

ఆ తర్వాత 2021 మార్చిలో వచ్చిన లండన్ ప్లాన్‌లో ఎస్4 అనే పాలసీ ఉంది. కొత్తగా కట్టే చోట పిల్లాడికి కనీసం 10 చదరపు మీటర్ల ఆట స్థలం, అది సొంతమా అద్దెనా అన్న తేడాతో విడగొట్టకూడదు అని. ప్లానింగ్ పర్మిషన్ ఇచ్చే బరోలు దాన్ని చూడాల్సిందే. అంటే గేటు లోపల స్థలం ఎవరికి అన్నది కూడా పర్మిషన్ షరతుల్లో పెట్టొచ్చని వాళ్లు ఒప్పుకున్నట్టే. మనవాళ్లు ఎందుకు పెట్టకూడదు?

అన్నీ బాగున్నాయని కాదు. ఆ పాలసీ కొత్త కట్టడాలకే. మా బ్లాకు పాతది, గడ్డి మీద "నో బాల్ గేమ్స్" బోర్డు ఇప్పటికీ ఉంది. కార్యదర్శి గారూ, మీరు ఒంటరి కాదు.

రైన్_ఒడ్డున

జర్మనీ నుంచి ఒక చిన్న ముక్క. శబ్దం గురించి ఇక్కడ 2011లో చట్టం మార్చారు. ఆట స్థలాల్లో, పిల్లల సంరక్షణ కేంద్రాల్లో పిల్లలు చేసే చప్పుడును మామూలుగా కాలుష్యంగా లెక్కించకూడదని. అంతకు ముందు పొరుగువాళ్లు కోర్టుకెక్కేవారు. గ్రౌండ్ ఫ్లోర్ పెద్దాయన లెటర్లు అక్కడా ఇక్కడా ఒకటే అన్నమాట.

రిటైర్డ్_టీపీఎస్

టౌన్ ప్లానింగ్‌లో పనిచేసి దిగినవాణ్ని. 403 గారికి ఆఫీసు ఇచ్చిన జవాబు సగం నిజం, సగం తప్పించుకోవడం.

ఎవరు ఏ టైముకు ఆడాలి అన్నది మా చేతిలో లేదు. అది నిజం. బిల్డింగ్ రూల్స్‌లో ఆ మాటే లేదు. కానీ ఆట స్థలం ఉందా, ఎంత ఉంది, ప్లాన్‌లో చూపిన చోటే ఉందా అన్నది మా పనే. 2012 జీవో 168 ప్రకారం గ్రూప్ హౌసింగ్‌లో సైటు విస్తీర్ణంలో కనీసం పది శాతం ఓపెన్ స్పేస్ వదలాలి. పచ్చదనానికో టాట్‌లాట్‌కో వాడాలి. టాట్‌లాట్ అంటే చిన్నపిల్లల ఆట స్థలమే. ఇది చుట్టూ వదిలే సెట్‌బ్యాక్ కాకుండా విడిగా. ప్లాను ప్రకారం కట్టాడా లేదా అని చూసి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (కాపురం ఉండొచ్చన్న అనుమతి) ఇచ్చేదాకా కట్టిన దాంట్లో పది శాతం మా దగ్గర మార్ట్‌గేజ్‌లో, అంటే తాకట్టులో ఉంటుంది.

అది విడుదలయ్యాక ఎవరూ తిరిగి చూడరు. మొదట జనరేటర్ షెడ్డు వస్తుంది. తర్వాత విజిటర్ పార్కింగ్. తర్వాత పండక్కి వేసిన షామియానా గుంజలు పర్మనెంట్ షెడ్డవుతాయి. కార్యదర్శి గారు చెప్పిన ఆరు వందలు రెండు వందలు అయ్యేది ఇలాగే. ఇక్కడ ఆఫీసు ఒక్క రోజు టేపు పట్టుకుని వస్తే ఓనరా టెనెంటా గొడవ సగం తగ్గుతుంది. ఎందుకు రారంటే, సిబ్బంది తక్కువ, ఫైళ్లు ఎక్కువ. పైగా అసోసియేషన్ అంటే అన్నీ ఓట్లే. అద్దెవాళ్ల ఓట్లు చాలామందికి సొంతూళ్లో ఉంటాయి కదా.

403 గారూ, శాంక్షన్డ్ ప్లాన్ కాపీ కోసం ఆర్టీఐ వేయండి. మొదట కాగితం చూడండి, తర్వాత వాదించండి.

బెజవాడ_అమ్మ

మీరంతా టాట్‌లాట్, కార్పస్ ఫండ్ అంటున్నారు. మా వైపు చాలామంది ఉండేది పోర్షన్లలో. రెండంతస్తుల ఇల్లు, నాలుగు పోర్షన్లు, ఇంటివాళ్లు పైన. "పిల్లలు డాబా మీదికి రావొద్దు, ట్యాంకు దగ్గర ఆడొద్దు, సందులో అరవొద్దు." ఇక్కడ అసోసియేషనూ లేదు, బైలాసూ లేదు. ఖాళీ చేయమంటే చేయాల్సిందే. మాకు ఆట స్థలం అంటే మున్సిపాలిటీ ఇచ్చేదే.

అందుకని మేం నలుగురం ఆడవాళ్లం వార్డు సచివాలయానికి వెళ్లాం. రెండు అడిగాం. వీధి చివర పార్కులో లైట్లు వేయించండి, పక్కనున్న బడి గ్రౌండు సాయంత్రం తెరవండి. లైట్లు వారం తిరక్కుండా వచ్చాయి, అమెనిటీస్ సెక్రటరీ అబ్బాయి స్వయంగా నిలబడి వేయించాడు. గ్రౌండు మాత్రం ఏడాదిన్నర అవుతోంది. హెడ్‌మాస్టారు "ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది" అంటారు, మున్సిపల్ వాళ్లు "బడి మా కింద లేదు" అంటారు. ఇద్దరూ మంచివాళ్లే, తాళం మాత్రం తీయరు.

నాకు అర్థమైంది ఏంటంటే, వాళ్లకు స్తంభం, బల్బు, పెయింటు ఇవన్నీ వచ్చు. మనుషులతో మాట్లాడి ఒప్పించే పనికే ఫైలు కదలదు.

లా_పాయింట్

అమ్మగారు చెప్పిన చోటే మున్సిపాలిటీకి తప్పించుకునే దారి తక్కువ. రాజ్యాంగం పన్నెండో షెడ్యూల్‌లో పురపాలికలకు అప్పగించదగిన పనుల జాబితా ఉంది. 12వ అంశం పార్కులు, తోటలు, ఆట స్థలాలు. ప్రజల పార్కు విషయంలో ఓనరా అద్దెనా అని ఎవరూ అడగరు. బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని నర్సింగ్ హోమ్‌కి ఇచ్చేస్తే, ఆ ప్రాంతంలో ఉండేవాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు (బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు) ఆ కేటాయింపు చెల్లదంది. అక్కడ లెక్కలోకి వచ్చింది ఆ ప్రాంతంలో ఉంటున్నారన్నదే, సేల్ డీడ్ కాదు.

సొంతిల్లు_ఈఎంఐ

సరే, ఒక మెట్టు దిగుతాను. ప్లాన్‌లో ఉన్న స్థలాన్ని మింగేస్తే మున్సిపాలిటీ రావాలి. అది నాకూ నష్టమే, నేను కొన్నది పది శాతంతో కలిపి. కానీ టైమింగుల మీద నోటీసు ఇస్తే మాత్రం ఊరుకోను. ఈ రోజు ప్లే ఏరియా అంటారు, రేపు స్విమ్మింగ్ పూల్. పూల్ నడపడానికి నీళ్ల ట్యాంకర్ల ఖర్చెంతో తెలుసా?

లండన్_బాబాయ్

పూల్ వేరు, జారుడుబల్ల వేరు సార్. ఆరేళ్ల పిల్లకి క్లబ్‌హౌస్ మెంబర్‌షిప్ అడగం కదా.

సొంతిల్లు_ఈఎంఐ

మీరు అడగరు. మా గ్రూపులో అడిగారు!

పాత_కార్యదర్శి

నిజమే, అడుగుతారు. మేం చేసింది చెప్తాను, పనికొస్తే తీసుకోండి. టైమింగుల్ని వయసును బట్టి పెట్టాం. 5 నుంచి 6 ఎనిమిదేళ్ల లోపు పిల్లలు, ఆ తర్వాత పెద్దపిల్లలు. ఓనర్, టెనెంట్ మాట తీసేశాం. పెద్దపిల్లలు మొదట అలిగారు, తర్వాత బయట ఖాళీ ప్లాటు చూసుకున్నారు. ఆ ప్లాటులో ఇప్పుడు బిల్డింగ్ లేస్తోంది, అది వేరే ఏడుపు.

403_అద్దె

అప్‌డేట్. ఆర్టీఐకి జవాబొచ్చింది, కాపీ చేతికొచ్చింది. సి బ్లాకు పక్కన "టాట్‌లాట్" అని పచ్చ రంగులో స్పష్టంగా ఉంది. ఇప్పుడక్కడ టైల్స్ పరిచి, గీతలు గీసి, కార్ల నంబర్లు రాశారు. అడిగితే తొమ్మిది స్లాట్లలో నాలుగు బిల్డర్ అమ్మేశాడట. ఇప్పుడున్న ప్లే ఏరియా ప్లాన్‌లో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన సెట్‌బ్యాక్. అంటే వాళ్లూ మేమూ టైమింగులతో కొట్టుకుంటున్నది అసలు ఆట స్థలమే కాదు.

మా ఓనర్ న్యూజెర్సీలో ఉంటారు. ఫొటోలు పంపి, ఫిర్యాదు మీద సంతకం పెడతారా అని అడిగాను. "అసోసియేషన్ వాళ్లతో మనకెందుకమ్మా, రేపు ఫ్లాటు అమ్మాలన్నా వాళ్ల ఎన్‌ఓసీ కావాలి" అన్నారు. మనిషి మంచివారే. మొన్న గీజర్ పాడైతే మాట్లాడకుండా డబ్బు వేశారు.

రిటైర్డ్_టీపీఎస్

డీవియేషన్ (ప్లాన్ తప్పారన్న) ఫిర్యాదుకి ఓనరే కానక్కర్లేదు. మీ పేరు మీదే పెట్టొచ్చు. ప్లాన్ కాపీ, ఇప్పటి ఫొటో రెండూ జత చేయండి. "అద్దె పిల్లలను ఆడనివ్వడం లేదు" అని ఒక్క ముక్క రాయకండి, రాస్తే మళ్లీ అంతర్గత విషయం అంటారు. "టాట్‌లాట్‌ను పార్కింగ్‌గా మార్చారు, తనిఖీ చేయండి" అని అంతే. అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోకుండా కదలకండి.

403_అద్దె

డ్రాఫ్ట్ అలాగే రాసి పెట్టుకున్నాను సార్. అగ్రిమెంట్ రెన్యువల్ జూన్ మొదటి వారంలో. సంతకాలయ్యాక పెడతాను.