మూడో నెల. ఇంటికి రంగులు వేయిస్తున్నారు. ఉండొచ్చా, పుట్టింటికి వెళ్లిపోవాలా?

కాకినాడ కోడలు:

అందరికీ నమస్కారం. నాకు పదకొండో వారం నడుస్తోంది, మొదటి కాన్పు. మాఘంలో మా మరిది పెళ్లి, ఇంకా ఐదు వారాలుంది. అందుకని అత్తగారింటికి రంగులు వేయిస్తున్నారు. మామయ్యగారు 1986లో కట్టించిన ఇల్లు. అన్నీ టేకు తలుపులు, కిటికీలకు ఇనప ఊచలు.

గోడల రంగు వాసన ఎలాగో ఓర్చుకుంటున్నాను. నిన్న వసారాలో ఊచలకి రంగు వేయడానికి థిన్నర్ డబ్బా తెరిచారు. నేను వంటింట్లో ఉన్నాను. రెండు నిమిషాల్లో తల తిరిగి, రెండుసార్లు వాంతి అయింది. వేవిళ్ల వల్లో, ఆ వాసన వల్లో తెలియడం లేదు. పక్కింటి పిన్నిగారేమో "ఆ వాసన పీలిస్తే బిడ్డకి ఏదో ఒక లోపం వస్తుంది" అనేశారు. రాత్రంతా నిద్ర లేదు, ఒకటే టెన్షన్.

అత్తయ్య మంచివారే. "నేను నిండు నెలలతో గోడలకి సున్నం కొట్టానమ్మా, ఏమీ కాదు" అన్నారు. మా వారు హైదరాబాద్‌లో ఉంటారు, శనివారం గానీ రారు. మా అమ్మావాళ్లది పాలకొల్లు. పెళ్లి పనులు పెట్టుకుని పుట్టింటికి పోతానంటే ఏమనుకుంటారోనని అడగలేకపోతున్నాను. డాక్టరమ్మకి చూపించుకోవడానికి ఇంకా పది రోజులుంది.

తలుపుల మీద పాత రంగు కూడా గీకుతున్నారు. పైన గోధుమ రంగు, దాని కింద ఆకుపచ్చ, ఇంకా కింద పసుపు. ఇల్లంతా సన్నటి పొడి, చివరికి బియ్యం డబ్బా మూత మీద కూడా. సాయంత్రం నేనే ఊడుస్తున్నాను. దానికి వాసనేం లేదు కాబట్టి పర్లేదనుకోండి. ఆ థిన్నర్ సంగతే చెప్పండి.

బెజవాడ అమ్మ, ఇద్దరు పిల్లలు:

చెల్లీ, ముందు కాస్త మంచినీళ్లు తాగి కూర్చో. నా రెండో కాన్పులో ఆరో నెలలో మా ఇంటికీ రంగులు వేశారు, నీళ్లతో కలిపే ఎమల్షన్. కిటికీలన్నీ తీసిపెట్టి, ఒక గది పని అయ్యేదాకా ఇంకో గదిలో ఉన్నాను. ఏసీ వేసుకుని తలుపులు మూసుకోవద్దు. అది గదిలో గాలినే తిప్పుతుంది, వాసనని బయటికి పంపదు. పాపకిప్పుడు నాలుగేళ్లు, బాగుంది. అలాగని నా అనుభవం పట్టుకుని నువ్వు ధీమాగా ఉండకు. పది రోజులు ఆగకుండా ఇవాళే డాక్టరమ్మకి ఫోన్ చెయ్యి. ఇలాంటివి అడగడానికేగా నంబరిస్తారు.

రంగుల మేస్త్రీ, తణుకు:

అమ్మా, మీరు వదిలేయమన్న పొడి గురించే ముందు చెప్తాను. 1986 ఇల్లంటున్నారు, అడుగున ఆకుపచ్చ, పసుపు అంటున్నారు. ఆ రోజుల్లో ఎనామిల్ రంగుల్లో, అంటే తలుపులకీ ఊచలకీ వేసే ఆయిల్ రంగుల్లో, అందులోనూ పసుపు, ఆకుపచ్చ, ఎరుపుల్లో సీసం బాగా ఉండేది. మన దేశంలో రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్లలో 90 పాళ్లు) దాటకూడదన్న రూలు 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. ఇప్పుడు కొనే డబ్బా మీద ఆ ముక్క రాసి ఉంటుంది, చూడండి. మీ తలుపులది ఆ రూలు రాకముందు రంగు.

దయచేసి ఆ పొడి మీరు ఊడవకండి. చీపురుతో ఊడిస్తే గాల్లోకి లేచి మళ్లీ గిన్నెల మీదే పడుతుంది. వేరేవాళ్లు తడిగుడ్డ పెట్టాలి. బియ్యం డబ్బా మూత తీయకముందే తడిగుడ్డతో తుడిపించండి, ఆ గుడ్డ మళ్లీ వాడొద్దు.

మీ మేస్త్రీకి నా మాటగా చెప్పండి. పొడిగా గీకొద్దు. వాటర్ పేపర్ తడిపి రుద్దమనండి, పొడి లేవదు. బ్లో ల్యాంపుతో అసలు కాల్చొద్దు, ఆ పొగ ఇంకా చెడ్డది. టేకు తలుపులే కదా, బందులు విప్పి పెరట్లోకి తీసుకెళ్లి, కింద పట్టా పరిచి చేయమనండి. పాత రంగు ఊడిపోకుండా గట్టిగా ఉన్నచోట గీకే అవసరమే లేదు. తడిగా ఒక చెయ్యి రుద్ది మీద వేసేయొచ్చు.

ఇది నాకూ ఆలస్యంగానే తెలిసింది. పదిహేనేళ్లు ఆ పొడి చొక్కాతోనే ఇంటికెళ్లి మా పాపని ఎత్తుకునేవాడిని. ఇప్పుడు పని దగ్గరే స్నానం చేసి, చొక్కా మార్చుకుని గానీ బయల్దేరను.

ప్రసూతి వార్డు నర్సు, ఏలూరు:

మేస్త్రీగారు చెప్పింది అక్షరాలా నిజం. సీసం తల్లి రక్తంలోంచి మాయ దాటి బిడ్డకి చేరుతుంది. ఎదిగే మెదడుకి మంచిది కాదు. అందుకే థిన్నర్ కంటే ఆ పొడే నన్ను ఎక్కువ కంగారుపెడుతోంది.

పక్కింటి పిన్నిగారి మాట మనసులోంచి తీసేయండి. నెలల తరబడి థిన్నర్‌తో పనిచేసేవాళ్లకీ, కావాలని పీల్చేవాళ్లకీ ఉండే ప్రమాదం వేరు, వంటింట్లో ఒకరోజు రెండు నిమిషాలు వాసన తగలడం వేరు. వాంతి దేనివల్లయినా సరే, తల తిరిగితే వెంటనే బయట గాలికి వచ్చేయాలి. చున్నీ అడ్డం పెట్టుకుంటే థిన్నర్ ఆవిరి ఆగదు. ఎన్-95 మాస్కు పొడిని ఆపుతుంది గానీ ఆవిరిని ఆపదు.

డాక్టర్‌తో "పాత ఎనామిల్ గీకిన పొడి, ఇన్ని రోజులు" అని స్పష్టంగా చెప్పండి. అవసరమనుకుంటే రక్తంలో సీసం పరీక్ష రాస్తారు. పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు మానకండి. ఒంట్లో కాల్షియం, ఐరన్ తక్కువుంటే సీసం ఎక్కువ పడుతుంది. అన్నం ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.

అత్తగారితో వాదించకండి. సున్నంలో థిన్నరూ లేదు, సీసమూ లేదు. ఆవిడ రోజుల్లో ఆవిడ చేసింది వేరే పని. ఆ ఒక్క మాట నెమ్మదిగా చెప్పి చూడండి.

కాకినాడ కోడలు:

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మీ జవాబులు అత్తయ్యకి చదివి వినిపించాను. పొడిలో సీసం ఉంటుందనగానే ఆవిడ ఏం మాట్లాడలేదు. లేచి వెళ్లి, బియ్యం డబ్బా పెరట్లో పెట్టి తనే తడిగుడ్డతో తుడిచారు. తర్వాత మా అమ్మకి ఫోన్ చేసి, "వదినగారూ, రేపు పొద్దున్న పిల్లని పంపిస్తున్నాను, పని అయ్యేదాకా మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు. నాకు ఏడుపొచ్చేసింది.

డాక్టరమ్మ ఫోన్లో ఇల్లు ఎప్పుడు కట్టారని అడిగారు. రక్త పరీక్ష రాశారు, ఎల్లుండి పాలకొల్లులో ఇస్తాను.

మేస్త్రీగారూ, ఒక్కటే సందేహం. పని అయ్యాక ఎన్ని రోజులకి తిరిగి రావచ్చు?

రంగుల మేస్త్రీ, తణుకు:

రోజుల లెక్క కాదమ్మా. ఎనామిల్ చేతికి అంటకపోయినా లోపల ఆరడానికి వారం దాటుతుంది. కిటికీలు తీసి ఉంచమనండి. కిటికీ చట్రాలూ, గడపలూ, బీరువాల వెనకా రెండుసార్లు తడిగుడ్డ పెట్టించండి, పొడి అక్కడే దాక్కుంటుంది. తర్వాత ఒక రాత్రి మీ గది తలుపులూ కిటికీలూ మూయించి, తెల్లారగానే అత్తగారిని తలుపు తీసి వాసన చూడమనండి. రంగు వాసన తగిలితే ఇంకో నాలుగు రోజులు పాలకొల్లులోనే ఉండండి.